ఎవరూ చదవరనుకుని రాసిన కథ

పోయిన ఆదివారం నేను వాకిట్లో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీసుకుంటూ ఉంటే, పొదటూరుపేట నుంచి మా అన్న కూతురు వచ్చి పక్కన చతికిలబడింది. తనొక కథ రాసిందట, రేపే ఫోనులో అందరికీ పంపించేస్తుందట, దానికి ముందు నేను విని ఎక్కడ బాగుందో ఎక్కడ బాగాలేదో చెప్పాలట. ముప్ఫయ్యేళ్ల కిందట నా కథ ఒకటి వారపత్రికలో అచ్చయిన సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. ఐదో తరగతి దాటని ఆడమనిషి కథ అచ్చులో రావడం మా వాళ్లకు ఎంత గొప్పగా తోచిందంటే, ఆ తర్వాత నేను ఒక్క ముక్క కూడా ఎందుకు రాయలేదని అడగాలని ఇన్నేళ్లలో ఎవరికీ తోచలేదు.

పిల్ల కథ రాసిందీ, నాకు చదివిందీ తమిళంలో. నోటితో మాట్లాడేది తెలుగే అయినా, తమిళనాడులో ఉన్న మా ఇళ్లల్లో ఇప్పటి పిల్లలకు తెలుగు అక్షరాలు రావు. కథ బాగానే రాసింది, నిజం చెప్పాలంటే నేను రాసినదానికంటే బాగా రాసింది. తన కంపెనీలో పక్కన కూర్చునే ఒరిస్సా అమ్మాయి గురించి, ఆ అమ్మాయి నమ్మి తనకొక్కదానికే చెప్పుకున్న సంగతి గురించి. ఆ సంగతేమిటో నేనిక్కడ రాయను. వింటూ వింటూ ఉండగానే నా చేతిలో చిక్కుడుకాయ అట్లాగే నిలిచిపోయింది. నువ్విది రాసినట్టు ఆ అమ్మాయికి తెలుసా అని అడిగాను.

"ఆ పాపకు తమిళం యాడ వస్తాది అత్తా? బస్సు బోర్డు గూడా నేనే సదివి జెప్పాల. ఆమెకెట్ల తెలుస్తాది?" అని నవ్వింది.

ముప్ఫయ్యేళ్ల కిందట నాకు నేను చెప్పుకున్న మాట అది. వచ్చే ఆదివారం దాకా పంపకుండా ఆపమన్నాను. కథ ఎట్లా రాయాలో, ఎట్లా పంపాలో నాకు తెలిసిందంతా కాగితం మీద పెట్టి ఉంచుతానన్నాను. మూతి ముడుచుకుని, "సరి, నీ కోసరం ఒక్క వారం" అని బస్సెక్కింది. అందుకే ఈ కాగితాలు. రాసి చాలా కాలమైంది, ఏమన్నా తప్పులుంటే నా ఈడు వాళ్లు మన్నించాలి.

అప్పట్లో నేను తిరుత్తణిలో పొద్దున్నే కరెంటు రైలు బండి ఎక్కి, అంబత్తూరు పక్కన ఒక గాజు సీసాల కంపెనీకి పనికి పోయేదాన్ని. సూదిమందు పోసే చిన్న సీసాలు. ఒక్కొక్కదాన్నీ ట్యూబులైటు ముందు పట్టి తిప్పి, పగులు గానీ గాజులో గాలిబుడగ గానీ ఉంటే పక్కకు తీసెయ్యడమే మా పని. చేరిన కొత్తలో నాకు ఒక్క బుడగా కనిపించేది కాదు. నా బల్ల దగ్గరే కూర్చునే ఒకావిడ నా గడ్డం పట్టుకుని తల కొంచెం పక్కకు తిప్పి, సీసాను చూడొద్దు, సీసాలోంచి వచ్చే వెలుతురును చూడమని చెప్పింది. ఆ పూట నుంచి నాకు బుడగలు కనిపించడం మొదలైంది. కథలు రాయడం గురించి నాకు ఎవరైనా చెప్పిన మొదటి మాట అదే అని తర్వాత తెలిసింది, చెప్పినావిడ సీసాల గురించే చెప్పినా.

ఆవిడను నేను అక్కా అని పిలిచేదాన్ని. నాకంటే పదేళ్లు పెద్ద. వాళ్లూ తెలుగువాళ్లే, క్రైస్తవులు. తిరువళ్లూరు స్టేషను పక్క మణవాళనగర్‌లో వరస ఇళ్లల్లో ఒక వాటాలో ఉండేది. తిరుత్తణిలో ఎక్కినప్పుడే నేను నా పక్కన అన్నం సంచి పెట్టి ఆమెకు సీటు ఆపేదాన్ని, తిరువళ్లూరులో ఎక్కి సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. మా లేడీసు పెట్టెలో పూలు కట్టేవాళ్లు పూలు కడుతుంటే, వెల్లుల్లి ఒలిచేవాళ్లు ఒలుస్తుంటే, అక్క మాత్రం ఎవరో వదిలేసిపోయిన తమిళ పేపరు విప్పి అందరికీ పైకి చదివేది. నేను తిరుత్తణి స్టేషను అంగట్లో ఒక రోజు ఆలస్యంగా వచ్చే తెలుగు వారపత్రిక కొనుక్కుని ఒక మూల చదువుకునేదాన్ని. ఆ పెట్టె మొత్తంలో తెలుగు చదివేది నేనొక్కదాన్నే అని నా నమ్మకం.

ఆ పత్రికలో కొత్తవాళ్లు కూడా కథలు పంపవచ్చని వేసేవారు. చూసి చూసి నేనూ రెండు పంపాను, రెండూ తిరిగొచ్చాయి. రాకేం చేస్తాయి? మొదటిదాంట్లో మేడ, కారు, డాక్టరుగారబ్బాయి. నేను మేడ మెట్లు ఎక్కిన మనిషిని కాదు, కారు తలుపు ఎటు తెరుచుకుంటుందో కూడా తెలియదు. కొత్తగా రాసేవాళ్లకు నేను చెప్పగలిగిన మొదటి సంగతి ఇదే, మీ చెయ్యి తాకిన వస్తువునే కథలో పెట్టండి. అయితే ఈ సలహాకు వెనకాల ఇంకో సలహా ఉంది, అది తెలియకనే నేను చెడ్డాను.

ఒక వానాకాలం సాయంత్రం మా బండి సెవ్వాపేట దాటి ఆగిపోయింది. గంటసేపు కదల్లేదు. అక్క మొగుడు ఎన్నూరు పక్కన సముద్రపు రేవు పనిలో ఉన్నాడని, నెలకొకసారి వస్తాడని మేమందరం ఎరుగుదుం. ఆ పూట కిటికీ కమ్మికి తల ఆనించి, నా వైపు చూడకుండా, అతను వచ్చి నాలుగేళ్లయిందని, అక్కడే ఇంకొకామెతో ఉంటున్నాడని చెప్పింది. మగదిక్కు లేని ఆడదానికి ఆ వరసలో వాటా ఇవ్వరు, ఇచ్చినా బతకనివ్వరు. అందుకని అతను వదిలేసిపోయిన చారల చొక్కా ఒకటి, జేబు మీద అతుకున్నది, ఆదివారం చర్చికి పోయే ముందు తడిపి పిండి వాకిట్లో దండెం మీద అందరికీ కనిపించేటట్టు ఆరేస్తుంది. తొడిగేవాడు లేకపోయినా చొక్కాను నాలుగేళ్లుగా ఉతుకుతూనే ఉంది. "ఊరికే ఉతికి ఉతికి చారలే పోతా ఉండాయి మే" అని నవ్వింది. నేనూ నవ్వాను. బండి కదిలింది.

ఇంటికి వచ్చినా నాకు ఆ చొక్కాయే కళ్ల ముందు. వారం రోజుల్లో కథ రాసేశాను. రాస్తున్నప్పుడు మనసు ఒకసారి గట్టిగా అడ్డుపడింది. మా పెట్టెలో తెలుగు చదివేవాళ్లు లేరు, మణవాళనగర్‌లో అసలే లేరు, ఎవరికి తెలుస్తుందిలే అని దాని నోరు మూశాను. పేర్లు మార్చాను. అంతటితో అన్నీ మార్చేశాననుకున్నాను. చారలు మార్చలేదు, జేబు మీద అతుకు మార్చలేదు, ఆదివారం మార్చలేదు.

కథ పంపే పద్ధతి గురించి మా పిల్ల అడిగింది కాబట్టి అదీ చెబుతాను. మా రోజుల్లో కాగితానికి ఒక పక్కనే రాయాలి, ఎడమ వైపు నాలుగు వేళ్లంత చోటు వదలాలి, ఒక నకలు మన దగ్గర ఉంచుకోవాలి, తిరుగు కవరు మీద మన చిరునామా రాసి తపాలా బిళ్లలు అంటించి లోపల పెట్టాలి. ఒకే కథను రెండు పత్రికలకు ఒకేసారి పంపకూడదు. పంపాక దాన్ని మరిచిపోయి ఇంకొకటి మొదలుపెట్టాలి. తిరిగొస్తే ఏడవచ్చు, కానీ మర్నాడు దాన్ని ఎవరిదో కథ అనుకుని గొంతెత్తి చదువుకోవాలి. నోటికి తగిలే ప్రతి రాయినీ ఏరెయ్యాలి. ఇవన్నీ నేను చేశాను. చెయ్యవలసినవాటిలో ఒక్కటే చెయ్యలేదు.

నాలుగు నెలలకు సంపాదకుడుగారి కార్డు వచ్చింది. మొదటి రెండు పేజీలు ఊరి వర్ణన అనవసరమని, తీసేశానని, చొక్కా కనిపించిన చోటే కథ మొదలవుతుందని రాశారు. ఆ మాట ఎంత నిజమో ఇప్పటికీ అనుకుంటాను, మనం గొంతు సవరించుకునేదంతా కథ అనుకుంటాం, వినేవాడికి అది దగ్గే. కార్డు చివర ఆయన, ఇంత మంచి చొక్కా మీకు ఎక్కడ దొరికిందమ్మా అని అడిగారు. నేను వెంటనే జవాబు రాశాను. ఊహించి రాశానండీ అని.

ఇంకో రెండు నెలలకు కథ అచ్చయింది. పత్రిక చేతికి రాగానే నా కాళ్లు నేల మీద ఆనలేదు. అక్క కథ అన్న భయం కంటే నా పేరు అచ్చులో ఉందన్న సంబరం పెద్దదైపోయింది. పొద్దున బండిలో అందరికీ చూపించాను. చదవడం రాకపోయినా పత్రిక చేతులు మారింది. నేను అక్షరాల గురించి అంత ఆలోచించాను గానీ, కథకు బొమ్మ వేస్తారన్న సంగతి నా బుర్రకు తట్టనే లేదు. పేజీలో సగం బొమ్మే. దండెం, దాని మీద చారల చొక్కా, జేబు మీద అతుకు. నేను రాసిందంతా ఆ చిత్రకారుడు పొల్లుపోకుండా గీశాడు.

తిరువళ్లూరులో అక్క ఎక్కింది, ఆమెతోపాటు ఆ వరసలోనే ఉండే ఒకామె కూడా ఎక్కింది. పత్రిక ఆమె చేతిలో పడింది.

"ఇదేందిక్కా, మీ ఇంటాయన సొక్కా వచ్చి బుక్కులో కూసోనుండాదే!" అని పెద్దగా అంది. "జోబీ అతుకు గూడా అదే పో!"

పెట్టెంతా నవ్వు. ఇంకెవరో, "ఆయనే రాడాయె, సొక్కానైనా వచ్చె" అన్నారు. అక్క కూడా నవ్వింది. పత్రిక తీసుకుని ఆ బొమ్మను చూసింది, సీసాను చూసినట్టు కొంచెం తల పక్కకు వంచి చూసింది. మడిచి నా ఒళ్లో పెట్టి, "ఆదివారం ఇంటికి తెచ్చి నాకు సదివి జెప్పు మే" అంది. ఆ రోజు పేపరు చదవలేదు.

ఆదివారం వరకు నాకు నిద్ర లేదు. పోకుండా ఉంటే తప్పు ఒప్పుకున్నట్టవుతుంది, పోతే చదవాలి. చివరికి నాకు నేనే ఒక ఉపాయం చెప్పుకున్నాను. ఆమెకు తెలుగు చదవడం రాదు కదా, పత్రిక ముందు పెట్టుకుని నోటికొచ్చిన వేరే కథ చెబితే సరిపోతుంది. చొక్కా బొమ్మ ఏదో పొరపాటున పడిందంటే సరిపోతుంది. ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తోంది, కానీ ఆ పూట మణవాళనగర్ సందులో నడుస్తూ, అబ్బ ఎంత తెలివిగా తప్పించుకున్నాను అని కూడా అనుకున్నాను.

ఆమె వాకిట్లో దండెం ఖాళీగా ఉంది. చూశాను. ఇంకా ఉతకలేదేమో అనుకున్నాను.

అక్క చాప వేసి కూర్చోబెట్టింది. నేను పత్రిక విప్పి, కళ్లు వరసల వెంట పరిగెత్తిస్తూ, పేజీ తిప్పవలసిన చోట తిప్పుతూ, లేని కథ ఒకటి చదవడం మొదలుపెట్టాను. సీసాలు చూసే ఒక ఆడమనిషికి ఒక రోజు ఒక సీసాలో ఆవగింజంత బుడగ కనిపిస్తుంది. దాన్ని పారెయ్యడానికి ఆమెకు చెయ్యి రాదు. కొంగున ముడేసుకుని ఇంటికి తెచ్చి కిటికీలో పెట్టుకుంటుంది. పొద్దున ఎండ పడినప్పుడు గోడ మీద చుక్కంత వెలుగు ఆడుతుంది, ఆమె పనికి పోయే ముందు దానితో రెండు మాటలు మాట్లాడి పోతుంది. అది నేను చేసిన పనే. ఎవరికీ చెప్పలేదు. భయంలో నోటికి అదే వచ్చింది.

అక్క మధ్యలో ఒక్కసారి కూడా అడ్డురాలేదు. అయిపోయాక లేచి కాఫీ కలిపి తెచ్చి పెట్టింది.

"శానా బాగుండాది మే. బుడగ కత శానా బాగుండాది" అంది. తర్వాత పత్రిక తన వైపు తిప్పుకుని బొమ్మ మీద వేలు పెట్టింది. "అయితే, దీంట్లో సొక్కా యాడికి పాయ?"

నేను నోరు తెరిచేలోపల ఆ వేలు కిందికి జరిగి నా వాక్యం మీద ఆగింది. చర్చిలో వాక్యం చదివినట్టు, ఒక్కొక్క అక్షరమూ కూడబలుక్కుంటూ చదివింది. "ఆమె ఉతికేది చొక్కాను కాదు, ఇంటి పరువును." ఆ వాక్యం రాసినప్పుడు నేను ఎంత మురిసిపోయానో! ఆమె నోట వినేదాకా అది ఎంత కటువుగా ఉందో నాకు తెలియలేదు.

"మాయమ్మ బైబిల్లో నేర్పిచ్చింది ఈ అచ్చరాలు. బండిలో దొరికేది అరవ పేపరే గదా, అదే సదివేది. నువ్వు అడగలా, నేను జెప్పలా" అంది.

మూడేళ్లు ఒకే బల్ల దగ్గర కూర్చున్నాం. నీకు తెలుగు చదవడం వచ్చా అక్కా అని నేను ఒక్కసారి అడగలేదు. వచ్చు అంటుందేమోనన్న భయంతోనే కథ రాసేటప్పుడు కూడా అడగలేదని, ఆ చాప మీద కూర్చున్నప్పుడు నాకు అర్థమైంది. తప్పయిపోయిందక్కా అన్న మాట మాత్రం రాలేదు. ఏడుపొకటే వచ్చింది.

"ఏడవబాక. కాఫీ తాగు, ఆరిపోతాది" అంది. "ఇంగ ఆరేసి ఏం లాబం? సొక్కా ఉండాది గానీ మనిషే కనబళ్లేదే అని ఆయమ్మ వరసంతా జెప్పేసింది. సబ్బు మిగిలింది పో నాకు." గ్లాసు నా వైపు జరిపి, "ఆ బుడగ కతే రాసుంటే పాయె గదా" అంది.

రెండు నెలలు తిరక్కుండానే ఆమె ఆ ఇల్లు ఖాళీ చేసింది. ఖాళీ చెయ్యమని ఎవరూ అనలేదట, మీ ఇంటాయన ఎప్పుడొస్తాడు అని మాత్రం నీళ్ల కొళాయి దగ్గర రోజుకొకరు అడిగారట. తిరునిన్రవూరులో చెల్లెలి దగ్గరికి పోయింది, కంపెనీలో వేరే షిఫ్టు అడిగి మార్చుకుంది. నేను చాలా రోజులు తిరుత్తణిలో ఎక్కగానే పక్కన అన్నం సంచి పెడుతూనే ఉన్నాను. తిరువళ్లూరులో ఎక్కినవాళ్లు, "ఎవురికమ్మా సీటు?" అని గదిమితే, తీసి ఒళ్లో పెట్టుకునేదాన్ని.

చాలా ఏళ్ల తర్వాత తిరువళ్లూరు బస్టాండులో ఒకసారి కనిపించింది. నేనే పక్కకు తప్పుకోబోయాను, ఆమే పిలిచింది. జుట్టు తెల్లబడింది, నవ్వు అదే. రాస్తా ఉండావా అని అడిగింది. లేదన్నాను. నా వల్లనా అంది. నేను బస్సు బోర్డుల వైపు చూశాను.

"నా మీద పెట్టబాక మే. రాసినందుకు గాదు నాకు బాద. అచ్చుకిచ్చే ముందర నాకు ఒక్కసారి సదివి సూపించుంటే, ఆ జోబీ అతుకు నేనే తీసేసి ఇంకోటి ఏదన్నా పెట్టిచ్చుందును గదా!"

బస్సు వచ్చింది, ఎక్కి వెళ్లిపోయింది. అప్పుడైనా క్షమించక్కా అని అన్నానా? అనలేదు. టికెట్టుకు చిల్లర ఉందా అని అడిగాను.

ఇప్పుడు ఆమె లేదు. ఇది కూడా ఆమె కథే కదా, దీన్ని ముందు ఎవరికి చదివి చూపించాలి అని వారం రోజులుగా మథనపడుతున్నాను. అందుకని ఈసారి ఆమె గుర్తులు నిజంగానే మార్చాను. ఏవి మార్చానో చెప్పను, మా ఇంట్లోవాళ్లు కూడా పట్టుకోలేరు. అది ఎంత తేలికైన పనో మారుస్తుంటే తెలిసింది, అరపూట పట్టింది. మార్చినందువల్ల బాధ ఏమీ తగ్గలేదు, కథకు ఏ లోటూ రాలేదు. ఆ అరపూట అప్పుడు నాకు లేకపోయింది.

ఈ కాలంలో కవరు లేదు, బిళ్లలు లేవు, తిరుగు టపా లేదు. మా పిల్ల బొటనవేలు ఆనిస్తే చాలు, కథ ఊళ్లన్నీ తిరిగొస్తుంది. ఒరిస్సా అమ్మాయికి తమిళం రాకపోవచ్చు, ఆ ఫోనే దాన్ని ఆమె భాషలోకి మార్చి చూపిస్తుందట, మా అన్న చెప్పాడు. మా రోజుల్లో పోస్టు డబ్బాకూ అచ్చుకూ మధ్య ఎంత వ్యవధి ఉండేదో అని నా ఈడు వాళ్లు నిట్టూరుస్తారు, నేనూ నిట్టూరుస్తాను. కానీ ఆ వ్యవధి నాకు ఆరు నెలలు దొరికింది. ఆ ఆరు నెలలూ రోజుకు రెండు పూటలు అక్క నా పక్కనే కూర్చుంది.

అప్పుడు ఇక్కడ తెలుగు చదివేవాళ్లు ఎవరూ లేరనుకుని రాశాను, ఉన్నారు. ఇప్పుడు నిజంగానే లేరు. ఒక్కొక్క అక్షరమూ కూడబలుక్కుని నా తప్పు పట్టుకునే మనిషి మా వీధి మొత్తంలో ఒక్కరూ లేరు. రేపు ఆదివారం మా పిల్ల వస్తుంది. దీన్ని తనంతట తాను చదువుకోలేదు, నేనే చదివి వినిపించాలి. కాగితంలో ఏముందో దానికి తెలియదు, నేను ఏం చదివితే అదే కథ.

ఈసారి ఉన్నది ఉన్నట్టు చదువుతాను.